వారంటీ మీద ఎర్రచుక్క

మా బావ ఏ వస్తువు విప్పినా, తిరిగి బిగించాక ఒక్కో స్క్రూ తల మీద ఒక్కో ఎర్రచుక్క పెట్టేవాడు. మా అక్క గోళ్ళరంగు సీసా పెళ్ళైన కొత్తలోనే ఆయన పనిముట్ల పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆ రంగు ఎండితే స్క్రూ వదులు కాదు. పైగా మధ్యలో ఎవరైనా విప్పితే చుక్క పగులుతుంది, తన తర్వాత ఇంకొకరి చెయ్యి పడిందని తెలిసిపోతుంది. బజారులో ఆయన్ని చుక్క మెకానిక్ అనేవారు. ఆ పేరు విని వచ్చిన కొత్తవాళ్ళు కొందరు, మనిషి తాగి పనిచేస్తాడేమోనని, వస్తువు చేతికిచ్చే ముందు కాస్త వంగి వాసన పట్టేవారు. బావే ముఖం ముందుకు పెట్టేవాడు.

"చూడండి, బాగా చూడండి. టీ వాసన తప్ప ఇంకేమన్నా వస్తే మీ రిపేరు ఉచితం."

ఆయన పోయాక నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందు ఇలాంటివే గుర్తుకొస్తున్నాయి. మనిషి అంత సరదాగా ఉండేవాడు. ఇవి చదివి వినిపిస్తే అక్క వింటుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది కూడా. ఆ తర్వాత "మరి మెషిన్ సంగతి?" అంటుంది.

మేడమెట్ల కింద మిగిలిన జాగాలో ఉండేది ఆయన కొట్టు. లోపల పూర్తిగా లేచి నిలబడితే తల మెట్టుకు తగిలేది. వెనక మూతలు తీసేసిన టీవీలు గోడకు ఆనించి ఉండేవి. సోల్డరింగ్ పొగ వాసన చొక్కాకు పట్టి ఇంటిదాకా వచ్చేది. రెండే స్టూళ్ళు. ఒకటి బావది, రెండోది నిచ్చెనది. నిచ్చెన అంటే ఆయనతో కలిసి పనిచేసే మనిషి. ఎంత పొడుగంటే, ఆ స్టూలు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. "మెట్ల కింద బతికేవాడికి నిచ్చెనే దొరకాలా?" అని బావ రోజూ అదే జోకు వేసేవాడు. నిచ్చెన రోజూ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

ఒకరు విప్పితే ఒకరు బిగించేవారు. తల ఎత్తకుండా ఒకరు చెయ్యి చాపితే, అడక్కుండానే కావలసిన పనిముట్టు ఇంకొకరు అందులో పెట్టేవారు. చుక్క మాత్రం బావే పెట్టాలి. "నువ్వు పెడితే మరకవుతుందిరా. నేను పెడితే సంతకం" అనేవాడు. సెలవు రోజున నిచ్చెన భోజనం అక్క వాళ్ళింట్లోనే. తిని, తన పళ్ళెం తనే కడుక్కుని, అక్క పళ్ళెం కూడా లాక్కుని కడిగేవాడు. "మీ అన్నయ్యకు కూడా నేర్పించు నాయనా ఈ విద్య" అనేది అక్క. "అన్నయ్య కడిగితే పళ్ళేనికి కూడా చుక్క పెడతాడు వదినా, వద్దులే" అనేవాడు వాడు.

ఇంట్లో మాత్రం ఒక్క వస్తువూ సరైనది ఉండేది కాదు. బజారులో వాళ్ళు వదిలేసి పోతే బావ బతికించినవే అన్నీ. ఫ్యాను ఒక కంపెనీది, దాని రెక్కలు ఇంకో కంపెనీవి. మిక్సీని చెంప మీద కొట్టినట్టు ఒక్కటిస్తేనే తిరిగేది. వాషింగ్ మెషిన్ అయితే చచ్చిన మూడు మెషిన్లు కలిపి చేసినది. అది తిరిగేటప్పుడు స్నానాలగది దగ్గర బయలుదేరి వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చేది. అక్క ఒక కాలు దానికి అడ్డం పెట్టి కూర కలిపేది. అప్పుడప్పుడు షాక్ కూడా కొట్టేది.

"ఈ ఇంట్లో వస్తువులన్నిటికీ మీరంటే ప్రాణం. నా మీదే పగ," అనేది అక్క.

"నువ్వు దాన్ని తన్నుతున్నావు కదా, ఊరుకుంటుందా మరి?"

చాలాకాలం ఇది వాళ్ళిద్దరి మధ్య నవ్వులాటే. అక్కకు కీళ్ళవాతం వచ్చాక నవ్వులాట కాకుండా పోయింది. ముందు ఉదయాల్లో వేళ్ళు ముడుచుకునేవి కావు. తర్వాత ముడుచుకుంటే తెరుచుకునేవి కావు. చన్నీళ్ళలో చేతులు పెట్టొద్దనీ, బట్టలు పిండటం అసలే కూడదనీ డాక్టరు చెప్పాడు. అదే రోజుల్లో మూడు చావుల మెషిన్ బట్టలు తిప్పడం ఆపకుండా పిండటం మాత్రం మానేసింది. బావ దాన్ని విప్పాడు, బిగించాడు, చుక్కలు పెట్టాడు. వారం తిరక్కుండా మళ్ళీ విప్పాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి అక్క తడిసిన దుప్పటిని మోచేతుల మధ్య పెట్టి అదుముతోంది. నీళ్ళు కారడం లేదు, ఆమె కళ్ళే కారుతున్నాయి.

ఆ సాయంత్రం బావను కూర్చోబెట్టి చెప్పింది. ఆమె ఆయన్ని ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి.

"నాకు ఒక కొత్త మెషిన్ కావాలి. అట్టపెట్టెలోంచి తీసినది. మీ చెయ్యి పడనిది. అది చెడిపోతే మీరు కాదు, కంపెనీ మనిషి రావాలి. మీరు కొట్టు నుంచి ఎప్పుడొస్తారా, ఎప్పుడు విప్పుతారా అని నేను తడిబట్టలు ముందేసుకుని కూర్చోకూడదు."

బావ ముఖం కాస్త చిన్నబోయింది. ఊళ్ళో అందరి వస్తువులూ బాగుచేసే మనిషి కదా. అయినా వెంటనే అన్నాడు. "సరే. ఒట్టు. దాన్ని ముట్టను. దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా చేతులు జేబులో పెట్టుకుంటాను."

అప్పటికి నిచ్చెన కొట్టులో లేడు. టీవీలు పలచబడ్డాయి, చెడితే పారేసి కొత్తది తెచ్చుకోవడం జనానికి అలవాటైంది. మెట్ల కింద ఇద్దరికి సరిపోయేంత పని లేకుండా పోయింది. నిచ్చెనకు ఒక తనిఖీ కంపెనీలో ఉద్యోగం దొరికింది. వారంటీ కింద క్లెయిమ్ చేసిన వస్తువుల్ని, కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి, ఎందుకు పాడైందో ఫోటోలతో పైకి రాసే పని. వెళ్ళాలా వద్దా అని వాడు తటపటాయిస్తుంటే బావే తోశాడు. "వెళ్ళరా. నెల జీతం, చొక్కా మీద బొమ్మ. ఈ మెట్లకింద నీ మోకాళ్ళకు కూడా కాస్త విశ్రాంతి."

మెషిన్ కొనడానికి ముగ్గురం వెళ్ళాం. షోరూం గుమ్మం లోపలే చిన్న బల్ల వేసుకుని, మెడలో రిబ్బనుతో ఒక అమ్మాయి క్రెడిట్ కార్డులు ఇప్పిస్తోంది.

"కంపెనీ వారంటీ రెండేళ్ళే సార్. మా కార్డుతో కడితే దాని పైన ఇంకో ఏడాది ఎక్స్‌టెండెడ్ వారంటీ మేమిస్తాం. ఉచితంగా."

"ఉచితంగా ఎందుకిస్తారమ్మా?" అన్నాడు బావ.

"మీరు మా కస్టమర్ కదా సార్."

"ఇంకా కాలేదుగా."

"ఇప్పుడవుతారు సార్."

అక్కకు ఆ అమ్మాయి నచ్చేసింది. "ఆ మూడో ఏడు చెడిపోతే ఎవరొస్తారు?" అని అడిగింది.

"మేమే మనిషిని పంపిస్తాం మేడమ్. బాగైతే బాగు చేయిస్తాం, కాకపోతే ఆ ధర ఇచ్చేస్తాం. సార్ ఏమీ చెయ్యక్కర్లేదు."

సార్ ఏమీ చెయ్యక్కర్లేదన్న ఆ ఒక్క మాటకే అక్క పడిపోయింది. బావ సగం చేతి డబ్బు ఇచ్చి సగం కార్డు మీద పెడతానంటే, అలా అయితే వర్తించదు, మొత్తం కార్డు మీదే కట్టాలి అంది ఆ అమ్మాయి. కార్డు వచ్చాక మళ్ళీ వెళ్ళి మొత్తం కార్డు మీదే కట్టాం. చిన్న అక్షరాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. అందులో ఏముందని అడిగితే "మామూలువే సార్" అంది. బావ దాన్ని బిల్లుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. ఎవరం చదవలేదు.

మెషిన్ వచ్చింది. తెల్లగా, చప్పుడు లేకుండా, ఉన్నచోటే ఉండి తిరిగింది. పని అయిపోయాక చిన్నగా పాట లాంటిది పాడేది. పక్కింటివాళ్ళు వస్తే అక్క తలుపు తెరిచి చూపించేది. "ఇది ఆయన చేసింది కాదు," అని ముందే చెప్పేది. బావ నిజంగానే దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు చేతులు జేబులో పెట్టుకునేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అక్క నవ్వడంలో ఇంకో తృప్తి కూడా ఉండేది. మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు అని.

కంపెనీ వారంటీ అయిపోయి మూడో ఏడు నడుస్తుండగా ఒక ఉదయం అది బట్టలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి, తలుపు బిగుసుకుపోయింది, లోపల నీళ్ళలో బట్టలు అలాగే ఉన్నాయి. అక్క గాభరా పడలేదు. బావ ఎదురుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, గాజు తలుపులోంచి చూస్తున్నాడు.

"కార్డు వాళ్ళకు ఫోన్ చెయ్యండి. సార్ ఏమీ చెయ్యక్కర్లేదు," అంది.

ఫోన్ చేశాం. బిల్లు, కార్డు మీద కట్టినట్టు చూపించే కాగితం, కంపెనీ వారంటీ కార్డు అడిగారు. అన్నీ కవర్లో ఉన్నాయి. తమ తరఫున చూసే తనిఖీ కంపెనీ నుంచి మనిషిని పంపుతామన్నారు. వచ్చింది ఎవరనుకున్నారు, నిచ్చెన! గుమ్మం తగలకుండా అలవాటుగా తల వంచి లోపలికొచ్చాడు. చొక్కా మీద బొమ్మ, భుజాన సంచి.

"లిస్టులో మీ చిరునామా చూసి నేనే వేయించుకున్నాను వదినా," అన్నాడు. అక్క ముఖం వెలిగిపోయింది. "ఇంకేం, మన ఇంటి మనిషే వచ్చాడు" అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ చేతులతో గిన్నె ఎత్తడమే కష్టం, అయినా నన్ను పెట్టనివ్వలేదు.

నిచ్చెన మెషిన్ ముందు భాగం చూశాడు, మీట నొక్కాడు, తర్వాత దాన్ని గోడ నుంచి జరిపి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపు చప్పుడు లేదు. "అన్నా, ఒకసారి ఇటు రా," అన్నాడు. బావ కూడా వెనక్కి వెళ్ళి వంగాడు. ఏదో గుసగుసగా అనుకున్నారు. ఇద్దరూ నవ్విన చప్పుడు వినిపించింది, కొట్టులో నవ్వుకునే నవ్వే. నిచ్చెన బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకుని, కుర్చీలో కూర్చుని టీ తాగాడు. కంట్రోల్ బోర్డు పోయిందన్నాడు. కొత్త బోర్డు ధర సగం మెషిన్ ధర, దాన్ని కంపెనీ బయటివాళ్ళకు అమ్మదు అన్నాడు. అక్క చేతుల గురించి అడిగాడు. మందులు మార్చారా అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నువ్వు బెంగ పెట్టుకోకు వదినా. నేను చూసుకుంటాలే," అన్నాడు.

కార్డు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు బావ కొట్టులో ఉన్నాడు. అక్క ఎత్తింది. నేను పక్కనే ఉన్నాను. అవతల ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీ క్లెయిమ్ కుదరలేదు మేడమ్. అనుమతి లేని వ్యక్తి విప్పిన వస్తువుకు ఈ వారంటీ వర్తించదు."

"ఎవరూ విప్పలేదమ్మా. మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. మావారు ఒట్టేశారు."

"వెనక పలక స్క్రూల మీద ఎర్రచుక్కలు ఉన్నాయట మేడమ్. అవి కంపెనీవి కావనీ, బయటి మెకానిక్ విప్పి బిగించాక పెట్టే గుర్తులనీ మా ఇన్‌స్పెక్టర్ ఫోటోతో సహా పంపారు."

అక్క ఫోన్ నాకిచ్చి వెళ్ళి మెషిన్ వెనక కూర్చుంది. పలక నాలుగు మూలలా నాలుగు చుక్కలు. గుండ్రంగా, మరక కాకుండా, సంతకంలా. ఆమె చాలాసేపు అక్కడే ఉంది. కొత్తవాడెవడైనా వచ్చి చూసి ఉంటే ఫ్యాక్టరీలోనే పెట్టారనుకుని దాటిపోయేవాడు. ఆ చుక్కేమిటో చూడగానే చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. వాడే వచ్చాడు.

బావ ఇంటికి రాగానే, చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఎప్పుడు విప్పారు?"

బావ బుకాయించలేదు. "వచ్చిన మర్నాడు. నువ్వు చేతుల వ్యాయామానికి ఆస్పత్రికి వెళ్ళావు చూడు, అప్పుడు."

"బాగానే తిరుగుతోంది కదా. ఎందుకు?"

"ఊరికే. చూద్దామని. ఇంట్లోకి కొత్త మనిషి వస్తే ముఖం చూడమా? ఒక వైరు కాస్త వదులుగా ఉంటే బిగించాను, అంతే. అది పాడైంది దానివల్ల కాదే. బోర్డు దానంతటదే పోయింది."

"ఇన్నాళ్ళూ జేబులో చేతులు పెట్టుకుని తిరిగారు నా ముందు."

బావ రెండో చెప్పు విప్పాడు.

"నేను పక్కింటివాళ్ళకు చూపించి చెప్పుకున్నాను, ఆయన ముట్టలేదని. మీరు పక్కన నిలబడి నవ్వారు."

ఆ చిన్న అక్షరాల పుస్తకం అప్పుడు చదివాను. ఏవేవి వర్తిస్తాయో ఒక్క పేజీ, ఏవేవి వర్తించవో మిగతా పుస్తకమంతా. వ్యాపారానికి వాడితే వర్తించదు. ఎవరో వాడి అమ్మినదైతే వర్తించదు. పిడుగు పడితే, కరెంటు ఎక్కువైతే, నీళ్ళు చేరితే, ఎలక చేరితే వర్తించదు. బ్యాటరీ, బల్బు లాంటి అరిగిపోయేవి వర్తించవు. కంపెనీ ఒప్పుకోని మనిషి విప్పినా, బిగించినా, బాగుచేసినా వర్తించదు. విప్పడం వల్లే పాడైందా లేదా అన్నది వాళ్ళకు అక్కర్లేదు. విప్పితే చాలు. బావ విని, "ఇది వారంటీ కాదు బామ్మర్దీ, గొడుగు. వాన పడనప్పుడు వాడుకోవడానికి," అన్నాడు. ఎవరం నవ్వలేదు.

నిచ్చెనకు బావ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. "రాయక తప్పకపోతే రాయొచ్చు. అక్కడే, మెషిన్ వెనకాలే, 'అన్నా, రాస్తున్నాను' అని ఉంటే సరిపోయేది. 'నీ చెయ్యి ఊరుకోదుగా అన్నా' అని నవ్వాడు బామ్మర్దీ. నేనూ నవ్వాను," అన్నాడు నాతో. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అక్క వదల్లేదు. అభ్యంతరం ఉంటే కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళే ఫోన్ చేసి చెప్పాలన్నారు. బావ చేత చేయించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేశాం. అక్క ఆయన పక్కన, నేను ఎదురుగా. అవతల మళ్ళీ ఆ మర్యాద గొంతే. తనిఖీ సరిగా జరగలేదని మీరనుకుంటున్నారా అని అడిగింది. బావ గొణిగాడు. ఆవిడ ఒక్కొక్క ప్రశ్నే చదువుకుంటూ పోయింది. ఇన్‌స్పెక్టర్ సమయానికి వచ్చారా, డబ్బేమైనా అడిగారా, గుర్తింపు కార్డు చూపించారా.

"మా ఇన్‌స్పెక్టర్ మీకు ముందునుంచి తెలిసిన మనిషా సార్?"

బావ మాట్లాడలేదు.

"ఎందుకడుగుతున్నానంటే సార్, తెలిసినవాళ్ళ ఇంటికైతే ఆయన వెళ్ళకూడదు, ముందే చెప్పాలి. చెప్పకుండా వస్తే ఆ తనిఖీ చెల్లదు. ఆయన మీద చర్య తీసుకుంటాం, మీకు వేరే మనిషిని పంపి మళ్ళీ మొదట్నించీ చూపిస్తాం."

అక్క వీపు నిటారుగా అయింది. వేరే మనిషి. ఆ చుక్కలంటే ఏమిటో తెలియని మనిషి. మెషిన్ మళ్ళీ తిరుగుతుంది. ఒక్క అవును చాలు.

"తెలియదండీ," అన్నాడు బావ. "ఎవరో కొత్తాయన."

ఆవిడ ధన్యవాదాలు చెప్పింది. క్లెయిమ్ అక్కడితో ముగిసిందంది. అక్క ఫోన్ దీపం ఆరిపోయేదాకా దాన్నే చూసింది.

"ఎన్నేళ్ళు నా చేతి కూడు తిన్నాడు వాడు?"

"వాడి ఉద్యోగం పోతుందే."

"వాడు రాసేటప్పుడు మీ గురించి ఆలోచించాడా?"

"వాడు రాసింది అబద్ధం కాదుగా."

"మీరిప్పుడు చెప్పింది నిజమా మరి?"

అక్క తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ళు తలో వైపుకూ తిరిగి ఉన్నాయి. "నా చేతులు తెలుసా మీకు? లేకపోతే ఇవి కూడా ఎవరివో కొత్తవా?" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

బావ చెయ్యగలిగినదంతా చేశాడు. తడి తగలకుండా కంపెనీ బోర్డు మీద పోసిన, గట్టిగా గడ్డకట్టిన జిగురును రోజుల తరబడి గోకి తీశాడు. కింద ఏముందో పట్టుబడలేదు. అది ఆయన కాలపు వస్తువు కాదు. తర్వాత పాత మెషిన్ ఒకటి ఎక్కడినుంచో తెచ్చి, ఉన్నచోటు నుంచి కదలకుండా, షాక్ కొట్టకుండా చక్కగా చేసి, తుడిచి, గుమ్మం ముందు దింపాడు. అక్క దాన్ని లోపలికి రానివ్వలేదు. "మీ చేతి వస్తువు నాకొద్దని చెప్పాను. అది అడగటానికి నాకు ఎంత కాలం పట్టిందో మీకు తెలియదు," అంది. అది కొట్టుకు వెళ్ళి, అక్కడే ఎవరికో అమ్ముడుపోయింది. కొత్తది కొందామంటే, చచ్చిన మెషిన్ బాకీయే కార్డు మీద ఇంకా తీరలేదు.

అప్పటినుంచి బట్టలు బావే ఉతికాడు. పొద్దున్నే లేచి, లుంగీ పైకి కట్టుకుని, నానబెట్టి, ఉతికి, పిండి, ఆరేసి, ఆ తర్వాత కొట్టు తెరిచేవాడు. బజారులో తెలిసి ఏడిపించారు. "ఏం చుక్క మెకానిక్కూ, ఉతికిన చొక్కాకు కూడా చుక్క పెడుతున్నావా?" ఆయన నవ్వేవాడు. చుక్కలు పెట్టడం మాత్రం మానలేదు, అక్కకు అది ఇంకో కోపం. ఆమె ఆయనకు వేళకు అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, కావలసిన మాటలు మాట్లాడేది. దెప్పడం మానేసింది. దానికే నాకు భయం వేసింది. ఆ ఇంట్లో దెప్పుళ్ళు లేకపోతే ఏం మిగిలిందని? తెల్ల మెషిన్ ఉన్నచోటే ఉండిపోయింది. దాని మీద మడతపెట్టిన బట్టలు పెట్టేవాళ్ళు.

తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. సోల్డరింగ్ పొగ అన్నారు కొందరు. డాక్టరు అవునూ అనలేదు, కాదూ అనలేదు. మంచం మీద ఉన్న ఆ నెలల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు రోజూ మార్చాల్సి వచ్చేది. నేను కొన్ని మా ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. మిగతావి బయట ఉతకడానికి ఇద్దామంటే అక్క ఒప్పుకోలేదు. గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని, మణికట్లతో అదిమి అదిమి తనే ఉతికింది. బావ మంచం మీంచి ఆ చప్పుడు వినేవాడు. ఒకరోజు ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వస్తుంటే "ఆ రోజు ఫోన్‌లో..." అని మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది," అంది అక్క. ఆయన ఊరుకున్నాడు. ఆ తర్వాత అనే అవకాశం రాలేదు.

ఆయన పోయిన కొన్నాళ్ళకు, వచ్చిపోయే జనం తగ్గాక, నిచ్చెన వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి, వంచిన తల అలాగే ఉంచి కూర్చున్నాడు. అక్క ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు.

"ఒక్కటే అడుగుతాను. ఆ ఫోటో టీ తాగకముందు పంపావా, తాగాక పంపావా?"

వాడు తలెత్తకుండానే అన్నాడు. "ముందే. నువ్వు వంటింట్లో ఉండగా. మా పై ఆఫీసరు అప్పుడప్పుడు వెనకే వచ్చి మళ్ళీ చూస్తాడు వదినా. ఒకణ్ణి అలాగే తీసేశారు. సాయం చేద్దామనే నేను వేయించుకుని వచ్చాను, ఒట్టు. చుక్క చూసేసరికి భయమేసింది. తెలిసినవాళ్ళ ఇంటికి చెప్పకుండా వచ్చినందుకు ఒకటి, చూసి దాచినందుకు ఒకటి, రెండూ నా మెడకే చుట్టుకుంటాయని. మీరు ఎలాగూ నా పేరు చెబుతారనుకున్నాను. ఉద్యోగం పోతుందని రోజూ ఎదురుచూశాను. వాళ్ళు అసలు అడగలేదేమో."

"అడిగారు."

నిచ్చెన తలెత్తాడు.

"ఈయన తెలియదన్నారు. ఎవరో కొత్తాయన అన్నారు."

వాడు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అంత పొడుగు మనిషి ముడుచుకుపోయి ఏడుస్తుంటే చూడటం కష్టం. "అన్న నన్ను కాపాడాడు వదినా," అన్నాడు.

"అవును. నిన్నే కాపాడారు."

కొత్త మెషిన్ కొని తెస్తానన్నాడు, ఎలాగైనా తెస్తానన్నాడు. అక్క లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది చూసి వాడూ లేచాడు. వెళ్ళేటప్పుడు అక్క వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు, మళ్ళీ రమ్మనలేదు. తలుపు మాత్రం మెల్లగానే వేసింది.

వచ్చి నా పక్కన కూర్చుంది. బకెట్‌లో నానబెట్టిన బట్టలు ఉన్నాయి. వెళ్ళి నేను పిండుతానంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వచ్చినవాళ్ళందరూ ఆయన మంచివాడంటున్నారు. నేను కాదనడం లేదురా. ఆ మంచితనం వాడికిచ్చారు. నాకు మాటిచ్చారు," అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ ఫోన్ ఆవిడ అడిగాక ఆయన వెంటనే చెప్పలేదు. కాస్త ఆగారు, గుర్తుందా? నేను ఫోన్ వైపు చూస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉన్నావు. ఆ ఆగినప్పుడు ఆయన ఒక్కసారైనా నా చేతుల వైపు చూశారా?"

చూశాడని చెప్పొచ్చు. చెబితే ఆ రాత్రికైనా నిద్రపోయేదేమో. కానీ ఆ ఇంట్లో ఆమెకు అందరూ చెప్పినవి అలాంటివే.

"లేదక్కా. చూడలేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. "నేనూ అలాగే అనుకున్నాను," అని, బకెట్ దగ్గరికి నడిచింది.